రుద్రభూమిలో శునకం: నిషేధమా, నియమమా?

శ్మశానవాటికలోనికి శునకాలను రానీయవచ్చునా, కూడదా? ప్రథమశ్రవణంలో ఇది పురపాలక వ్యవహారంగానే తోస్తుంది. గోడ కట్టడం, ద్వారం బిగించడం, కుక్కలను పట్టించడం అన్నంతవరకే దీని పరిధి అనిపిస్తుంది. కానీ తండ్రి చితికి నిప్పుపెట్టి వెనుదిరిగిన కుమారునికి, పసిబిడ్డను మట్టిలో పడుకోబెట్టి ఇల్లు చేరిన తల్లికి ఇది కేవల వ్యవహారం కాదు. తాము విడిచివచ్చిన దేహానికి ఆ రాత్రి ఏమి జరుగుతుందోనన్న భయం వారిది. మరొకవైపు ఆ వాటికలోనే పుట్టి, అక్కడ దొరికే మెతుకులతోనే ప్రాణం నిలుపుకొనే మూగజీవి ఉన్నది. ఈ ఉభయుల నడుమ ధర్మం ఎక్కడ నిలుస్తుందో మన శాస్త్రాలను, చరిత్రను ఆశ్రయించి విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

కొల్లేటి సీమలో ఈ ప్రశ్న

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాలలో భూస్వభావమే ఈ ప్రశ్నకు తీవ్రతను కల్పించింది. కృష్ణా గోదావరీ డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు దీనిలో కలుస్తాయి. ఇందులోని నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రాన్ని చేరుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన పిమ్మట ఈ సీమ అంతటా కాలువలు అల్లుకొన్నాయి. తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కృష్ణా కాలువను కలుసుకొంటుంది. మాగాణి, చేపల చెరువు, కాలువ విస్తరించిన ఇటువంటి పల్లపునేలలో ఏడాది పొడుగునా పొడిగా ఉండేది చాలచోట్ల గట్టు మాత్రమే. చితికీ, గోతికీ, పశువుకూ, శునకానికీ ఆ గట్టే ఆశ్రయం. వరద వచ్చినప్పుడు లంకగ్రామాలలో ఆ పొడినేల మరింత కుంచించుకొనిపోతుంది.

ఇంకొక కష్టమున్నది. పెద్దలకు దహనం విహితమైనా శిశువులకు, యతులకు, వీరశైవాది సంప్రదాయాలవారికి ఖననమే ఆచారం. కొద్దిలోతులోనే నీరు ఊరే నేలలో గొయ్యి లోతుగా తవ్వడం సాధ్యం కాదు. గొయ్యి లోతు తగ్గిన కొద్దీ మృగభయం పెరుగుతుంది. పూడ్చిన చోట బరువైన రాళ్ళు పేర్చి ముళ్ళకంప కప్పే ఆచారంలోని అంతరార్థం ఇదే. కనుక ఈ సీమవారి భయాన్ని అజ్ఞానమని త్రోసివేయడం తగదు. అది అనుభవంలోనుండి పుట్టిన భయం.

యముని వాకిట కావలి

శునకానికీ మరణానికీ గల సంబంధం వేదకాలం నాటిది. ఋగ్వేదం దశమ మండలంలోని 14వ సూక్తం యమసూక్తం. అందులో యముని రెండు శునకాలు వర్ణితమైనాయి. అవి సరమ సంతానం, నాలుగు కన్నులు గలవి, మార్గరక్షకులు. ఈ సూక్తంలోని భావక్రమాన్ని సాధకులు గమనించవలసి ఉన్నది. వాటిని దాటి సురక్షితంగా పితృదేవతలను చేరుమని మొదట ప్రేతకు చెప్పడం జరుగుతుంది. ఆ వెంటనే ప్రేతను ఆ శునకాలకే అప్పగించి క్షేమం కలిగించుమని యముని ప్రార్థించడం జరుగుతుంది. ఏది భయకారణమో అదే రక్షకం కూడ అయినది. వేదర్షి శునకాన్ని పరలోకమార్గం నుండి తరిమివేయలేదు, దానికి కావలి పని అప్పగించాడు.

ఇది భారతీయులకు మాత్రమే పరిమితమైన భావన కాదు. పారసీకుల అంత్యక్రియలలో 'సగ్‌దీద్' అనే విధి కలదు. శవాన్ని శునకదృష్టికి చూపడం ఆ విధి. అందుకు కన్నుల పైభాగాన రెండు మచ్చలు గల శునకాన్ని, అనగా నాలుగు కన్నుల శునకాన్ని, వారి శాస్త్రం శ్రేష్ఠమని చెప్పింది. ఋగ్వేదపు చతురక్ష శునకంతో దీనికి గల పోలిక యాదృచ్ఛికం కాజాలదు. నేపాళంలో నేటికీ దీపావళి దినాలలో ఒకనాడు శునకాలకు బొట్టుపెట్టి, మాలవేసి, భోజనం పెడతారు.

కృష్ణయజుర్వేదంలోని శతరుద్రీయంలో రుద్రుని నమస్కరించే సందర్భంలో శునకాలకు, శునకపతులకు కూడ నమస్కారం చెప్పబడినది. పాలకొల్లు క్షీరారామంలోను, భీమవరం సోమారామంలోను అభిషేకవేళ వినిపించేది ఈ రుద్రమే. శ్మశానానికి మనవారు పెట్టుకొన్న పేరు రుద్రభూమి. శివాలయంలో ఏ జీవికి నమస్కారం అందుతున్నదో, శివుని పేరనే వెలసిన ఆ భూమిలో ఆ జీవి ఉనికియే అపచారమని చెప్పడం ఎట్లు పొసగుతుంది?

ధర్మసూత్రాల ద్వివిధ శాసనం

అయితే శాస్త్రం శునకాన్ని ఎల్లెడలా రానిచ్చినదని కూడ చెప్పరాదు. ఆంధ్రదేశంలో విశేషంగా అనుసరింపబడే ఆపస్తంబుడు తన ధర్మసూత్రాలలో శ్రాద్ధాన్ని శునకం చూడడాన్ని గర్హించాడు. మనుస్మృతి మూడవ అధ్యాయం కూడ శ్రాద్ధభోజనవేళ శునకదృష్టి కూడదన్నది. అదే మూడవ అధ్యాయంలో వైశ్వదేవప్రకరణమున్నది. గృహస్థుడు తాను భుజించుటకు పూర్వం శునకాలకు, కాకులకు, క్రిములకు, సంఘం వెలివేసినవారికి కూడ అన్నాన్ని మెల్లగా నేలపై ఉంచవలెనని అక్కడ విధి కలదు.

ఒకే అధ్యాయంలో నిషేధం, భాగం రెండూ ఉండడంలో వైరుధ్యం లేదు. నిషేధం కర్మకాలానికి, కర్మస్థానానికి సంబంధించినది. భాగం ప్రాణికి సంబంధించినది. పిండాన్ని శునకం తాకకుండ కాపాడుకోవడం కర్త బాధ్యత. ఆకలిగొన్న శునకానికి వేరొక చోట పిడికెడు అన్నం ఉంచడం కూడ ఆ కర్త బాధ్యతయే. మొదటిదానిని పాటించి రెండవదానిని విడిచిన ఆచారం సగం ఆచారం మాత్రమే.

శ్మశానభూమి విషయంలోను ఇట్టి వివేకమే కనిపిస్తుంది. శతపథబ్రాహ్మణం పదమూడవ కాండంలో శ్మశాననిర్మాణవిధి ఉన్నది. ఆ స్థలం గ్రామానికి కనబడరాదు. చుట్టూ పరిశ్రితములనే రాళ్ళు నిలపవలెను. మృతులకు, జీవించియున్నవారికి మధ్య హద్దుగా మట్టిగడ్డ ఉంచవలెను. కనుక శ్మశానానికి ఆవరణ కల్పించడం నూతన నాగరికత తెచ్చిన అలవాటు కాదు. దహనానంతరం అస్థిసంచయనాన్ని ఆలస్యం చేయకుండ జరిపించుమన్న విధి కూడ ఈ దృష్టితో ఆలోచింపదగినది. దేహశేషం అనాథగా పడి ఉండరాదన్నది మన పూర్వుల సంకల్పం.

వేంగీ రాజ్యంలో వినిపించిన సరమ వాక్కు

ఏలూరుకు సమీపంలోని పెదవేగియే ప్రాచీన వేంగీపురం. శాలంకాయనులకు, పిమ్మట తూర్పు చాళుక్యులకు అది రాజధాని. ఆ చాళుక్యవంశజుడైన రాజరాజనరేంద్రుని కోరికపై 11వ శతాబ్దంలో నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరంలో మహాభారతాన్ని తెనిగింప ఆరంభించాడు. ఆ కావ్యం ఆదిపర్వారంభంలోనే ఒక శునకమాత రాజును నిలదీస్తుంది.

జనమేజయుడు సత్రయాగం చేస్తుండగా సరమ కుమారుడైన సారమేయుడు ఆడుకొంటూ అక్కడికి వచ్చాడు. రాజసోదరులు వానిని కొట్టి తరిమారు. ఆ పిల్ల హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైనా లేదు. వచ్చినందుకే దెబ్బలు తిన్నది. సరమ వచ్చి రాజుతో న్యాయం పలికింది. తగినదేదో తగనిదేదో యోచింపక సాధువులకు, దీనులకు కీడు చేసేవారికి అకారణంగానే భయాలు సంప్రాప్తిస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాటకు కలతపడిన జనమేజయుడు శాంతికర్మల కొరకు సోమశ్రవసుని పురోహితునిగా వరించవలసి వచ్చినది. నిర్దోషి అయిన జీవిని ఊహాపరాధంతో కొట్టడం యజ్ఞఫలాన్నే సంశయంలో పడవేస్తుందన్నది ఈ ఉపాఖ్యాన సారం.

భారతం ముగింపుకు వచ్చేసరికి మళ్ళీ శునకమే ద్వారం వద్ద నిలిచినది. మహాప్రస్థానంలో తమ్ములు, ద్రౌపది పడిపోయిన పిమ్మట ధర్మరాజును విడువక వెంటవచ్చినది ఒక శునకం. స్వర్గంలో దానికి చోటు లేదన్నాడు ఇంద్రుడు. ఆశ్రయించినదానిని విడిచి వచ్చే స్వర్గం తనకు వలదన్నాడు ధర్మజుడు. ఆ శునకం సాక్షాత్తు యమధర్మమూర్తి! మొదట యజ్ఞశాల, చివర స్వర్గం. ఈ రెండు చోట్ల కూడ పరీక్షింపబడినది శునకం కాదు, ద్వారం వద్ద నిలిచిన మానవుడే.

కాటికాపరి పాత్ర

యజ్ఞశాలకు, స్వర్గానికి నడుమ ఉన్నది శ్మశానం. దానిని పూర్వం ఎవరు కాచేవారు? హరిశ్చంద్రోపాఖ్యానం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. వీరబాహునికి అమ్ముడుపోయిన చక్రవర్తి కాటికాపరి అయినాడు. ఆంధ్రదేశంలో పద్యనాటకం చూచినవారికి బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సన్నివేశం, అందులో నటులు చేర్చి పాడే జాషువా శ్మశానపద్యాలు సుపరిచితాలు. చితి పూర్తిగా కాలేవరకు నిలిచి, శవానికి మృగబాధ కలుగకుండ చూచేవాడు కాపరి.

ఈ కాపరులను, వారి శునకాలను సంఘం ఒకే దూరంలో ఉంచినది. చండాల శ్వపచులకు ఊరి వెలుపల నివాసమని, శునకాలు గాడిదలే వారి సంపద అని మనుస్మృతి పదవ అధ్యాయం అన్నది. భగవద్గీత అయిదవ అధ్యాయంలో మాత్రం విద్యావినయసంపన్నుడైన బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, శునకాన్ని, శ్వపాకుని సమదృష్టితో చూచేవారే పండితులని భగవానుడు నిర్ణయించాడు. కాశిలో నాలుగు శునకాలతో ఎదురైన చండాలుని తొలగుమన్న శంకరభగవత్పాదులకు, తొలగవలసినది దేహమా ఆత్మయా అన్న ప్రశ్న ఎదురైనదని, మనీషాపంచకం ఆ సందర్భంలోనే ఉదయించినదని సంప్రదాయం. వచ్చినవాడు విశ్వేశ్వరుడు, శునకాలు నాలుగు వేదాలు. దత్తాత్రేయుని పాదాల చెంత కనిపించే నాలుగు శునకాలకు కూడ ఇదే అర్థం.

దీనినిబట్టి ఒక చారిత్రకసత్యం తేటపడుతుంది. శునకం శ్మశానంలో ఉండడం వలన కీడు కలుగలేదు. కాపరి లేకపోవడం వలన, కట్టెలు చాలక శవం సగమే కాలడం వలన, గొయ్యి లోతు చాలకపోవడం వలన, కర్మానంతరం ఎంగిలి విస్తళ్ళు అక్కడే విడిచిపోవడం వలన కీడు కలిగినది. శునకం మన లోపాన్ని బయటపెడుతున్నది, లోపాన్ని సృష్టించడం లేదు.

నేటి ధర్మం, నేటి శాసనం

వర్తమాన శాసనమార్గం కూడ విచార్యమే. 1960 నాటి జంతుక్రూరత్వ నివారణ చట్టం శునకాలను హింసించడాన్ని అపరాధంగా పరిగణించినది. 2001లో ఏర్పడి 2023లో నూతనరూపం దాల్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధిశునకాలను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టవలెను. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తన పూర్వాదేశాన్ని సవరిస్తూ ఈ పద్ధతినే సమర్థించి, రేబిస్ సోకినవాటిని, దాడిచేసే స్వభావం గలవాటిని మినహాయించినది. ఆహారం పెట్టుటకు ప్రత్యేక స్థలాలు ఏర్పరచుమన్నది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, వైద్యశాలలు, క్రీడాప్రాంగణాలు, బస్సు స్టేషన్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి వీధిశునకాలను తొలగించుమని ఆదేశించినది. శ్మశానాలు ఆ జాబితాలో లేవు.

రేబిస్ విషయంలో భావుకతకు తావు లేదు. లక్షణాలు కనిపించిన పిమ్మట ఆ వ్యాధి దాదాపు ఎల్లప్పుడు మరణాంతకమే. శునకానికి టీకా వేయించడం, కాటుబడిన మనిషికి జాప్యం లేకుండ గాయాన్ని సబ్బునీటితో కడిగి చికిత్స చేయించడం ధర్మంలోని భాగాలే. భూతదయ పేరిట మనుష్యప్రాణాన్ని అలక్ష్యం చేయడం దయ కాదు.

ఫలితార్థం

ఇంతవరకు చేసిన విచారణ వలన తేలిన నిర్ణయమిది. కర్మ జరిగే చోటికి, చితి చెంతకు, క్రొత్త సమాధి చెంతకు శునకాన్ని రానీయరాదు. ఇది శాస్త్రసమ్మతం, శోకార్తుల హృదయానికి రక్ష. ఈ దూరాన్ని కర్రతో, రాయితో, విషంతో కాక వ్యవస్థతో సాధించవలెను. చితి చుట్టూ ఆవరణ, తగినన్ని కట్టెలు, గౌరవప్రదమైన జీతం గల కాపరి, పల్లపునేలలో ఖననస్థలాన్ని మట్టితో ఎత్తుచేయడం, సకాలంలో అస్థిసంచయనం, విస్తళ్ళను తొలగించడం ఇందుకు సాధనాలు. ఆవరణకు వెలుపల ఒక మూల శునకానికి అన్నం, నీరు ఉంచవలెను. ఈ కార్యాలకు అయ్యే వ్యయం, ఒక్కొక్క కుటుంబం దశాహంలో అనవసరాడంబరానికి వెచ్చించే ధనం కన్న అధికం కానేరదు.

కొల్లేటి గట్టు మీదనైనా, ఏలూరు కాలువ ఒడ్డునైనా చితి వద్ద నిలిచిన కర్త ముందు నాడు ధర్మరాజుకు ఎదురైన పరీక్షయే నిలుస్తున్నది. తన పితరులకు చేయవలసినది లోపం లేకుండ చేసినవానికి శునకం వలన భయం ఉండదు. దానికి పెట్టవలసిన పిడికెడన్నం విడిగా పెట్టినవానికి సరమ శాపభయమూ ఉండదు.

స్వస్తి.