తాత్పర్య నిర్ణయం: వ్యాఖ్యాన సంప్రదాయం నుండి ప్రశ్నపత్రం దాకా

ఉపోద్ఘాతం:
ఇచ్చిన గద్యభాగాన్ని చదివి ప్రధానభావాన్ని గుర్తించడం నేటి భాషాపరీక్షల్లో తప్పనిసరి ప్రశ్న. తిరువూరు ప్రాంత విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను గమనించినదేమంటే, చాలామంది మొదటి వాక్యాన్నో, తమకు పరిచితమైన పదమున్న వాక్యాన్నో ప్రధానభావంగా రాస్తారు. ప్రతి పదానికీ అర్థం తెలిసినా తాత్పర్యం చిక్కదు. ఈ అంతరాన్ని మన పూర్వులు ఎలా గుర్తించారో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంప్రదాయం:
విడివిడి పదార్థాలు అన్వయించిన తరువాతనే వాక్యార్థం ఏర్పడుతుందన్నది కుమారిలభట్టు సంప్రదాయానికి చెందిన అభిహితాన్వయవాదం. గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే ఆరు లింగాలను శాస్త్రకారులు చెప్పారు. సదానందుని ‘వేదాంతసారం’ వీటిని వివరించింది. తెలుగునేలకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలను అన్వయముఖంగానే వ్యాఖ్యానించాడు.

అనువర్తనం:
1829లో సి.పి. బ్రౌన్ ప్రచురణతో అచ్చుకెక్కిన వేమన పద్యాలు తరువాత బడిపిల్లలందరికీ పరిచితమయ్యాయి. ఉప్పు, కర్పూరాల పద్యాన్నే తీసుకుందాం. మొదటి పాదాన్ని పట్టుకున్న విద్యార్థి అది ఆ రెండు వస్తువుల గురించిన పద్యమంటాడు. కానీ ‘వేరు’ అన్న మాట రెండుచోట్ల వస్తుంది, ఇది అభ్యాసం. ఉప్పు రుచి వేరన్నది అందరికీ తెలిసినదే, మనుషుల్లో పుణ్యపురుషులు వేరన్నది కొత్తగా చెప్పినది, ఇది అపూర్వత. మొదటి రెండు పాదాలు దృష్టాంతం, మూడవది సిద్ధాంతం. ప్రధానభావం ఆరంభంలోనే ఉండాలన్న నియమం లేదని దీనివల్ల తేలుతుంది.

మార్పు:
పరీక్షల చదువులో ‘తాత్పర్యం’ క్రమంగా పద్యాన్ని వచనంగా తిరగరాయడానికి పర్యాయపదమైంది. కంఠస్థం చేసిన తాత్పర్యానికి మార్కులు వస్తాయి. అపరిచిత గద్యం ఎదురైనప్పుడు ఆ విద్య అక్కరకు రాదు. విద్యార్థులపై ప్రాచీన గ్రాంథికాన్ని రుద్దడాన్ని వ్యతిరేకిస్తూ గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. ఏ భాషలో రాయాలన్న ఆ వివాదానికి ఏమి గ్రహించారన్న ప్రశ్నతో సంబంధముంది. తన మాటల్లో చెప్పలేనిదాన్ని విద్యార్థి గ్రహించాడనలేం.

ముగింపు:
ఆరు లింగాల పేర్లను విద్యార్థులచేత వల్లె వేయించనక్కరలేదు. ఏ మాట మళ్లీమళ్లీ వచ్చింది, కొత్తగా చెప్పినదేమిటి, ఉదాహరణ ఏది, అది దేనికోసం అన్న నాలుగు ప్రశ్నలు తరగతిలో అలవాటు చేస్తే చాలు. అప్పుడు తాత్పర్యం అప్పజెప్పేది కాక, విద్యార్థి స్వయంగా నిర్ణయించేది అవుతుంది.