గడ్చిరోలి సీమలో తల్లీబిడ్డల రక్షణము

ప్రసవము స్త్రీకి పునర్జన్మమని మన పెద్దలు చెప్పుదురు. బిడ్డ విషయములో పుట్టుట వేరు, దక్కుట వేరు. మా తల్లిగారు తొమ్మిదిమందిని కని అయిదుగురిని దక్కించుకొనిరి. పోయిన నలుగురిలో ముగ్గురికి బారసాల కూడ జరుగలేదు. పేరు పెట్టని బిడ్డలు గనుక వారి ప్రస్తావన మా ఇంట ఎన్నడును వచ్చెడిది కాదు.

మాది సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలియుచోట, కాళేశ్వర క్షేత్రమునకు ఆవలి గట్టున నున్న ఊరు. రాష్ట్రము మహారాష్ట్రమైనను మా ఇండ్లలో నేటికిని తెలుగే వినవచ్చును. 1982 ఆగష్టు 26వ తేదీన చంద్రపూరునుండి గడ్చిరోలి జిల్లా వేరుపడినప్పుడు మా తాలూకా అందు చేరినది. ఆ రోజులలో మేము ఒక కార్యాలయమున గుమాస్తాగా జనన మరణముల రిజిష్టరు వ్రాయుచుంటిమి. 1969 నాటి చట్టము ప్రకారము ప్రతి జననమును, ప్రతి మరణమును నమోదు కావలెను. కాని మూడవనాడో అయిదవనాడో పోయిన శిశువు వార్త మా బల్లవరకు వచ్చుట అరుదు. వచ్చినను కారణము వ్రాయవలసిన గడిలో "బలహీనత" అని వ్రాసి ఊరకుంటిమి. ఆ మాట వెనుక ఏ వ్యాధి యున్నదో తెలిసికొనవలెనని మాకు తోచలేదు.

అట్లు తోచినవారు డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్రము చదివి వచ్చి, 1986లో గడ్చిరోలిలో 'సెర్చ్' అను సంస్థ ద్వారా పని ప్రారంభించిరి. వారి గ్రామములు మా సిరొంచకు సుమారు 200 కిలోమీటర్ల దూరము. అయినను అడవియు, పేదరికమును ఒక్కటే.

వారి పనికి పునాది లెక్క. 1995-96లో 39 గ్రామములయందు 763 మంది శిశువులను పుట్టిననాటినుండి 28 దినములవరకు ఇంటింటికి పోయి పరిశీలింపజేసిరి. నూటికి 95 కాన్పులు ఇంటనే జరిగినవి. నూటికి 42 మంది శిశువులు రెండున్నర కిలోల బరువైనను లేరు. సగమునకు పైగా శిశువులకు వైద్యము అవసరమయ్యెను. అది లభించినది నూటికి ముగ్గురికైనను కాదు. ఊపిరి అందకపోవుట, నెలలు నిండక పుట్టుట, ఒళ్లు చల్లబడుట, రక్తములో విషక్రిములు చేరుట - మేము "బలహీనత" అని వ్రాసినది వీనినే.

బాలింత గడప దాటరాదను ఆచారము ఒకవైపు, ఆసుపత్రి దూరము, కూలి నష్టము మరియొకవైపు. అందుచే వైద్యమే పురిటింటికి పోవలెనని ఆ దంపతులు నిశ్చయించిరి. అయిదునుండి పది తరగతులవరకు చదివిన గ్రామస్త్రీలను ఎన్నుకొని 'ఆరోగ్యదూత'లుగా తరిఫీదు ఇచ్చిరి. బిడ్డను తూచుట, జ్వరము చూచుట, ఊపిరులు లెక్కించుట, ఊపిరాడని బిడ్డకు శ్వాస అందించుట, అవసరమైనచో జెంటామైసిన్ సూది వేయుట వారికి నేర్పిరి. ఊరి మంత్రసానిని తొలగింపక ఆమెకును శిక్షణ నిచ్చి తోడు చేసికొనిరి. ముర్రుపాలు పారబోయరాదనియు, బిడ్డను వెచ్చగా నుంచవలెననియు తల్లులకు, అత్తలకు బోధించిరి.

పల్లెటూరి స్త్రీ చేతికి సూది ఇచ్చుట తగునా యను శంక సహజము. దానికి లెక్కయే సమాధానము చెప్పినది. ఆ గ్రామములలో 1993-95 కాలమున పుట్టిన ప్రతి వేయిమందిలో 62 మంది నెల తిరుగకముందే పోవుచుండిరి. 1997-98 నాటికి ఆ సంఖ్య సుమారు 26కు దిగినది. పోల్చి చూచుటకు తీసికొన్న 47 గ్రామములలో అది ఇంచుమించు 60 వద్దనే నిలిచినది. ఈ ఫలితములు 1999 డిసెంబరులో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడినవి.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2011లో భారత ప్రభుత్వము ఈ గృహశిశురక్షణ పద్ధతిని వారికి అప్పగించినది. 3, 7, 14, 21, 28, 42వ దినములలో వారు ఇంటికి వచ్చి తల్లిని, బిడ్డను చూడవలెను. కాన్పు ఇంటనే జరిగినచో మొదటి దినమున కూడ రావలెను. దేశమున 1993లో వేయికి 74గా నున్న శిశుమరణములు 2020 నాటికి 28 అయినవి. ఇది ఒక్క పద్ధతి ఫలము కాదు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, బాలికల చదువు, రోడ్లు అన్నియు తోడ్పడినవి.

మన తెలుగు కుటుంబములవారికి ఒక మనవి. ఆశా కార్యకర్త గుమ్మము ముందు నిలిచినప్పుడు "పురిటిల్లు, లోనికి రారాదు" అని త్రిప్పి పంపకుడు. కోడలికి మరాఠీ రానిచో ఇంటి పెద్దలు ప్రక్కన నిలిచి మాట తెలుపుడు. జననమైనను, జరుగరాని మరణమైనను 21 దినములలో నమోదు చేయింపుడు. లెక్కకు రాని బిడ్డకు సూదియు రాదు, మందును రాదు. మా తల్లిగారి ముగ్గురు బిడ్డలు ఏ రిజిష్టరులోను లేరు. కడచిన ఏడాది మా మనుమరాలిని తూచి, ఆమె బరువును ఆశా కార్యకర్త తన పుస్తకములో వ్రాసికొనినప్పుడు మేము ప్రక్కనే కూర్చుండి ఆ అంకెను రెండుమార్లు చదివితిమి.