ఆలివు కొమ్మ చెప్పిన కాలము
ఏజియన్ సముద్రములోని సాంతొరీని ద్వీపమున, ప్రాచీన అగ్నిపర్వత విస్ఫోటనములో బూడిదక్రింద పూడిపోయిన ఆలివు కొమ్మ యొకటి 2002లో దొరికినది. ఎక్స్-కిరణములతో పరీక్షింపగా అందు 72 వలయములు కనబడినవి. వానికి రేడియో కార్బన్ కొలతలను జోడించి, విస్ఫోటనము క్రీ. పూ. 1627–1600 నడుమ జరిగినదని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈజిప్టు చరిత్రతో ముడిపెట్టి పురావస్తు పండితులు వేసిన లెక్కకు ఇది దాదాపు నూరేండ్లు ముందు!

అయితే శీతల దేశపు ఓక్ చెట్టువలె ఆలివు ఏటికొక వలయమును స్పష్టముగ వేయదు. ఎండకు ఎదుగుదల ఆగి, వానకు మరల సాగును. ఒకే యేట రెండు వలయములు ఏర్పడవచ్చును, అసలే కనబడకపోవచ్చును. ఆ ద్వీపమునందలి సజీవ వృక్షముల కలపను పలు ప్రయోగశాలలు పరిశీలింపగా, ఒకే ముక్కకు వేర్వేరు సంఖ్యలు వచ్చినట్లు 2013లో వెల్లడియైనది. 2018లో కాలిఫోర్నియా పైన్, ఐర్లండు ఓక్ చెట్ల వలయములతో రేడియో కార్బన్ పట్టికను సరిచూడగా, విస్ఫోటనము క్రీ. పూ. 16వ శతాబ్దిలో జరిగియుండుటకును అవకాశము కలదని తేలినది.