పాబ్లో కసాల్స్
పాబ్లో కసాల్స్ (1876 డిసెంబరు 29 – 1973 అక్టోబరు 22): స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన చెల్లో విద్వాంసుడు. ఎల్ వెండ్రెల్‌లో జన్మించాడు. ఆనాటి విద్యార్థులు చంకలో పుస్తకం ఇరికించుకుని కమాను తిప్పడం నేర్చుకునేవారు. కసాల్స్ ఆ పద్ధతి వదిలేసి మోచేతికి స్వేచ్ఛనిచ్చాడు. ఎడమచేతి వేళ్లను బాగా చాచి, తీగ వెంట చెయ్యి జార్చే అవసరాన్ని తగ్గించాడు.

పదమూడేళ్ల వయసులో బార్సిలోనాలోని ఒక దుకాణంలో స్వరకర్త బాహ్ రాసిన ఆరు చెల్లో సూట్ల ప్రతి ఆయనకు దొరికింది. ఏళ్ల తరబడి సాధన చేశాకే వాటిని సభలో వినిపించాడు. 1936–39 మధ్య ఆరింటినీ రికార్డు చేశాడు. అభ్యాస పాఠాలుగా మిగిలిన ఆ రచనలకు కచేరీలలో స్థానం దక్కింది ప్రధానంగా ఆయన వల్లనే.

స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో దేశం విడిచి ఫ్రాన్స్‌లోని ప్రాడ్‌లో స్థిరపడ్డాడు. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనకు నిరసనగా చాలాకాలం కచేరీలు మానుకుని, 1950లో బాహ్ ద్విశతవర్ధంతి ఉత్సవంతో తిరిగి వేదికెక్కాడు. ప్యూర్టోరికోలో మరణించాడు. 1979లో ఆయన భౌతికకాయాన్ని ఎల్ వెండ్రెల్‌కు తరలించారు.