మన పింఛనర్ల సంఘం, మన మాష్టారు

తెలుగు పండితురాలిని కదా అని స్వర్ణోత్సవ సంచికకు సంఘం చరిత్ర రాసిపెట్టమన్నారు కార్యదర్శిగారు. అందులో సగం మాష్టారి చరిత్రే. హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి శాసనమండలికి వెళ్లి, అక్కడా ముసలివాళ్ల జమాఖర్చులే మాట్లాడిన మనిషి.

పింఛను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సంబరం మూడు నెలలైనా నిలవలేదు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. 28వ తేదీతో 55 దాటినవాళ్లంతా ఇంటికి! ఇంకా మూడేళ్ల జీతం ఉందని పిల్లల పెళ్లిళ్లు కుదుర్చుకున్నవాళ్లు మాష్టారి అరుగు మీద చేరారు. ఆయన అర్జీలు దిద్దేవారు, ఎర్ర సిరాతోనే. బతిమాలే వాక్యం కనిపిస్తే కొట్టేసి, పక్కన నిబంధన నంబరు వేసేవారు. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 అయింది గానీ, నడుమ నష్టపోయినవారికి 1985లో సుప్రీంకోర్టు చెబితే తప్ప న్యాయం దొరకలేదు. ఆ ఏడాదే మండలి రద్దయి మాష్టారి పదవీ పోయింది. అరుగు మాత్రం ఖాళీ కాలేదు.

తర్వాతి ఇరవై ఏళ్లూ డీఏలు, పీఆర్సీలు, కార్తీక వనభోజనాలు.

మాష్టారు పోయాక, 2022లో 70 దాటినవారి అదనపు పింఛను 10 శాతం నుంచి 7కు తగ్గినప్పుడు ఆయన లేని లోటు తెలిసింది.

స్థలమిచ్చిన కరణంగారి కుటుంబానికి, రేకులు వేయించిన రైసుమిల్లు యజమానికి, ఫ్యాన్లిచ్చిన బ్యాంకు విశ్రాంత ఉద్యోగులకు, ఏటా ఉచితంగా బీపీ చూసే డాక్టరుగారికి, కుర్చీలు సర్దే అటెండరుకు సంఘం రుణపడి ఉంది. ఎవరినైనా మరిస్తే మన్నించాలి.

ఒక్క మాట. కుటుంబ పింఛను తీసుకునే ఆడవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోలేదని కాగితం రాసివ్వాలి. డెబ్బై దాటిన ఒకావిడ వేలిముద్ర వేయబోతూ ఆ ముక్క చదివించుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది. అప్పుడే మాష్టారు, కమిటీలో ఒక స్త్రీ ఉండాలని తీర్మానం రాయించారు. మినిట్స్ పుస్తకంలో ఉంది. అధ్యక్ష, కార్యదర్శుల ఫొటోలు వెనక పేజీల్లో ఉన్నాయి. వాటిలో చీర కట్టినవారు కనబడరు. సభల్లో కాఫీలందించే పని మాత్రం మాకు తప్పలేదు.

వచ్చే ఎన్నికల్లో కోశాధికారి పదవికి నామినేషన్ వేస్తున్నాను. బలపరిచే సంతకం ఒకటి కావాలి.