న్యాయశాస్త్ర పరిశోధనము – మన కర్తవ్యము



మన జిల్లాకు పొరుగైన బీదరు సీమలోని కల్యాణపురమున, చాళుక్య ఆఱవ విక్రమాదిత్యుని కాలమందు, విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూఁడవ శతాబ్దమున కేతన దానిని తెనిఁగించెను. కావున న్యాయపరిశోధనము మనకు నూతనవిద్య కాదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపిత మయ్యెను. అచ్చట 1971లో న్యాయపట్టము వడసిన బి. సుదర్శన్ రెడ్డిగారు 2007లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులైరి. 1998లో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయ మేర్పడి, శామీరుపేటయందు వెలయుచున్నది.

వకీలుగా పేరు నమోదైనతోడనే చదువు ముగిసినదని మనలో పలువురి తలంపు. ఎల్.ఎల్.ఎం. విద్యార్థి యొక ప్రశ్నను గైకొని, చట్టములను తీర్పులను శోధించి ప్రబంధము వ్రాయును. అట్టివారికి అధ్యాపకత్వము, న్యాయమూర్తులకడ పరిశోధన సహాయకత్వము మొదలగు తెరువులు గలవు. అయినను పట్టము చేతి కందినంతనే కొలువు దొరకునని చెప్పఁజాలము. కళాశాలలో బోధింపఁగోరువారు నెట్ వంటి అర్హతపరీక్షను గడవవలయును. ఈ నడిమికాలమే పేదవిద్యార్థికి దుర్గమము.

1990లో పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల కలుషజలమునుగూర్చి సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలయ్యెను. నక్కవాగు క్రింది రైతుల నష్టము తేల్చుటకు కన్నీరు చాలదు. నీటిపరీక్షల పత్రములను చట్టముతో జోడించి చూపఁగలవారు కావలయును. బీరంగూడ పిల్లలలో అట్టివా రెందఱు?

మేము బడిలో సంస్కృతము చెప్పిన నాళ్లలో, పుస్తకములు కొనలేక చదువు మానిన బుద్ధిమంతులను గాంచితిమి. దాతలారా! వసతిగృహమునకు గదులు గట్టించుటతో నిలువక, ఏఁటేఁట నొక బాలునికో బాలికకో న్యాయపరిశోధన వేతనము నొసంగుఁడని వేఁడుచున్నాము.