ఫ్రూష్టూడియుమ్: పెందలాడే మొదలైన చదువు

జర్మనీలో బడి చదువు పూర్తికాకుండానే యూనివర్సిటీ క్లాసులో కూర్చునే పిల్లలున్నారు. ఆ చదువు పేరు ఫ్రూష్టూడియుమ్. ‘ఫ్రూ’ అంటే పెందలాడే. పొద్దున్నే తినే రొట్టెముక్క ‘ఫ్రూష్ట్యుక్’ అయింది, అంటే మన టిఫిన్. ఏటా ముందుగా వచ్చే వసంతం ‘ఫ్రూలింగ్’. ‘ష్టూడియుమ్’ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అసలర్థం తపన. చదువు అన్నది ఆ తర్వాత చేరిన అర్థమే. నాకీ వరుస ఎంతో నచ్చింది.

2000లో కొలోన్ యూనివర్సిటీ బడిపిల్లలకు ఈ తలుపు తెరిచింది. బడీ, యూనివర్సిటీ రెండూ పిల్లవాడి సత్తాను ఒప్పుకోవాలి. లెక్చర్ కోసం బడి మానిన రోజు పాఠాలు తనే చదువుకోవాలి. లెక్చర్ అయ్యాక అక్కడి ఆచారం ప్రకారం పెద్ద విద్యార్థులతోపాటు తనూ పిడికిలితో బల్ల తడతాడు, చప్పట్లకు బదులుగా. పరీక్ష పాసైతే ఆ క్రెడిట్లు తర్వాత డిగ్రీలో కలుపుకోవచ్చు. ఎంట్రన్స్ కోచింగులో నలిగే మన ఇంటర్ పిల్లలకూ ఇలాంటి వీలు ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

పాసైనట్టు ఇచ్చే కాగితాన్ని పాతకాలం నుంచీ ‘షైన్’ అంటారు. ఆ మాటకు వెలుగు అనే అర్థం కూడా ఉంది.